లండన్ నుంచి పల్లెసీమకు ఒక్క రోజు: గైడెడ్ టూర్‌ను ఎలా ఎంచుకోవాలి, ఎలా వెళ్లి రావాలి

లండన్ చూడడానికి వచ్చినవారికీ, అక్కడ ఉద్యోగాలు చేస్తున్న పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులకూ నాలుగైదు రోజులు గడిచేసరికి ఒక కోరిక పుడుతుంది: ఈ భవనాలు, మ్యూజియాలు, భూగర్భ రైళ్లు దాటి అవతలికి వెళితే ఇంగ్లండ్ పల్లె ఎలా ఉంటుందో ఒక్కసారి చూసి రావాలని. ఇంట్లో కారు నడిపేవారు లేకపోయినా, ఉండీ వారికి సెలవు దొరకకపోయినా, పొద్దున బస్సెక్కి రాత్రికి తిరిగి వచ్చే గైడెడ్ టూర్ మంచి మార్గం. అయితే ఇటువంటి టూర్లు లెక్కకు మించి ఉన్నాయి. ప్రకటనల్లో అన్నింటికీ అవే తేనెరంగు రాతి ఇళ్లు, అవే పూలతీగలు కనిపిస్తాయి. వాటి మధ్య తేడా తెలుసుకోవడానికి నేను ఒకే ఒక్క ప్రశ్న వేసుకుంటాను: ఈ రోజులో బస్సు దిగి నేల మీద గడిపే గంటలు ఎన్ని? కింద చెప్పబోయే సలహాలన్నీ ఆ గంటలను పెంచుకోవడానికి, దొరికిన గంటలు చేజారిపోకుండా చూసుకోవడానికి.

ఈ ప్రశ్న నాకు అనుభవం నేర్పింది. మా అమ్మానాన్నలను మొదటిసారి తీసుకువెళ్లినప్పుడు, ఎక్కువ ఊళ్లు ఉంటే పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుందనుకొని ఒకే రోజులో ఐదు ఊళ్లు చూపించే టూర్‌కు టికెట్లు కొన్నాను. నాలుగో ఊళ్లో మాకు ఇచ్చిన సమయం ఇరవై నిమిషాలు. మోకాళ్ల నొప్పులున్న అమ్మ బస్సు మెట్లు దిగి, రోడ్డు దాటి, ఏటి ఒడ్డున ఉన్న బల్ల దాకా చేరేసరికే అందులో సగం అయిపోయింది. కూర్చున్న రెండు నిమిషాలకే లేవవలసి వచ్చింది. ఐదో ఊళ్లో ఆమె బస్సు దిగలేదు.

ముందుగా ఎక్కడికో తేల్చుకోండి

లండన్ బయట ఒక రోజు అని అమ్మే టూర్లలో అన్నీ పల్లెలకు తీసుకువెళ్లవు. ఎక్కువగా కనిపించే విండ్సర్ కోట, స్టోన్‌హెంజ్ అనే పురాతన రాళ్ల వలయం, బాత్ కలిపిన టూర్‌నే చూడండి. విండ్సర్, బాత్ పట్టణాలు. స్టోన్‌హెంజ్ మైదానం మధ్యలో ఉన్నా, అక్కడ మీ సమయమంతా సందర్శకుల కేంద్రానికి, అక్కడి నుంచి దాదాపు రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న రాళ్ల దగ్గరికి తీసుకువెళ్లే చిన్న బస్సుకు, రాళ్ల చుట్టూ వేసిన దారికి సరిపోతుంది. మూడూ చూడదగినవే, కాని మీ మనసు పల్లె మీద ఉంటే ఈ టూర్ ఆ కోరిక తీర్చదు. అందులో పల్లె బస్సు కిటికీలోంచి కనిపించేంత మాత్రమే.

పల్లె కోసమే వెళ్లేవారికి నా మొదటి సలహా కాట్స్‌వోల్డ్స్. లండన్‌కు పశ్చిమాన, ఆరు కౌంటీల (మన జిల్లాల్లాంటివి) మీదుగా రెండు వేల చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించిన తక్కువ ఎత్తు కొండల ప్రాంతం ఇది. 1966 నుంచి దీని ప్రకృతి సౌందర్యానికి చట్టరీత్యా రక్షణ ఉంది. మధ్యయుగాల్లో ఇక్కడి గొర్రెల ఉన్ని యూరప్ అంతటా అమ్ముడుపోయింది, ఆ డబ్బుతోనే వ్యాపారులు పెద్ద పెద్ద చర్చిలు కట్టించారు. తరవాతి కాలంలో పరిశ్రమలు బొగ్గు దొరికే ఉత్తరాదికి తరలిపోవడంతో ఇక్కడ పాతవాటిని పడగొట్టి కొత్తవి కట్టే స్తోమత చాలా ఊళ్లకు లేకుండా పోయింది. మనం ఈనాడు ముచ్చటపడి చూస్తున్న ఆ ఇళ్ల వరుసలు అలా మిగిలినవే.

పల్లెతో పాటు సముద్రం కూడా కావాలనుకుంటే దక్షిణాన సౌత్ డౌన్స్ జాతీయ ఉద్యానవనం, దాని అంచున సెవెన్ సిస్టర్స్ అనే తెల్ల సుద్ద కొండలు ఉన్నాయి. అక్కడ నడక, ఎత్తుపల్లాలు ఎక్కువ, కాబట్టి పెద్దవాళ్లతో వెళ్లేవారు ఆలోచించుకోవాలి. ఇక్కడి నుంచి కాట్స్‌వోల్డ్స్‌నే ఉదాహరణగా తీసుకుంటాను.

టూర్ వివరాలను లెక్కకట్టండి

ఇది అన్నింటికన్నా ముఖ్యమైన పని. పది నిమిషాలు, ఒక కాగితం, ఒక పెన్ను చాలు. టూర్ పేజీలో బయలుదేరే సమయం, తిరిగి చేరే సమయం, ఆగే ఊళ్ల పేర్లు ఉంటాయి. ఆ ఊళ్లను అదే వరుసలో మ్యాప్‌లో పెట్టి, ఒక్కొక్క దూరానికీ పట్టే సమయాన్ని రాసుకోండి. మ్యాప్ చూపించే సమయం కారుకు సంబంధించినదని మరచిపోవద్దు. ఇంగ్లండ్ మోటార్‌వేల మీద కార్లకు గంటకు 70 మైళ్ల వేగం వరకు అనుమతి ఉంది. టూర్ కోచ్‌లకు (పెద్ద బస్సులకు) మాత్రం 62 మైళ్లకు, అంటే గంటకు 100 కిలోమీటర్లకు మించకుండా ఇంజన్‌కే వేగనియంత్రణ ఉంటుంది. పల్లె దారులు మరీ ఇరుకు. అందువల్ల మ్యాప్ చెప్పిన దానికి కనీసం ఐదో వంతు కలుపుకోండి.

పైన చెప్పిన మూడు చోట్ల టూర్ ఉదయం 8 గంటలకు బయలుదేరి సాయంత్రం 7 గంటలకు చేరుతుందనుకుందాం. విండ్సర్‌కు ఒక గంట, అక్కడి నుంచి స్టోన్‌హెంజ్‌కు గంటన్నర, అక్కడి నుంచి బాత్‌కు ఒక గంట, బాత్ నుంచి లండన్‌కు రెండున్నర నుంచి మూడు గంటలు: పదకొండు గంటల్లో ఆరు గంటలకు పైగా సీటులోనే గడిచిపోతుంది. మిగిలిన నాలుగున్నర, ఐదు గంటల్లో మూడు చోట్ల దిగడం, ఎక్కడం, టికెట్టు వరుసలో నిలబడడం, మరుగుదొడ్డి, భోజనం అన్నీ జరగాలి.

కాట్స్‌వోల్డ్స్ అంచున ఉన్న బర్‌ఫర్డ్ పట్టణం లండన్‌కు దాదాపు 120 కిలోమీటర్లు, బస్సులో రెండు గంటల దారి. పది గంటల టూర్‌లో రాకపోకలకు నాలుగు నుంచి నాలుగున్నర గంటలు, ఊళ్ల మధ్య ప్రయాణానికి ఒక గంట తీసేస్తే నేల మీద నాలుగున్నర గంటలు మిగులుతాయి. ఆ సమయాన్ని మూడు ఊళ్లకు పంచితే ఒక్కొక్క చోట గంటన్నర దొరుకుతుంది. ఐదు ఊళ్లకు పంచితే, ఊళ్ల మధ్య ప్రయాణం కూడా పెరుగుతుంది కనుక, ముప్పావుగంట దొరకడం కష్టం. రెండు మూడు ఊళ్లకు మించి ఆగే టూర్‌ను నేను ఇక ఎవరికీ సిఫారసు చేయను. ఇంకొక మాట: వివరాల్లో ఏ ఊరి పేరు దగ్గర ‘ఆగుతాం’ అని ఉందో, ఏ ఊరి పేరు దగ్గర ‘మీదుగా వెళతాం’ అని ఉందో విడివిడిగా చదవండి. మీదుగా వెళ్లే ఊళ్లను మీ లెక్కలో నుంచి కొట్టేయండి.

పెద్ద కోచా, చిన్న వ్యానా, సగం దూరం రైలా

యాభై మంది కూర్చునే కోచ్‌లో టికెట్టు చవక, సీటు సౌకర్యం ఎక్కువ, చాలా వాటిలో మరుగుదొడ్డి కూడా ఉంటుంది. కాని యాభై మంది దిగడానికీ ఎక్కడానికీ చెరొక పది నిమిషాలు పడుతుంది, అది మూడు చోట్ల కలిపి ఒక గంట. పైగా కాట్స్‌వోల్డ్స్‌లోని అందమైన చిన్న ఊళ్ల దారుల్లో పెద్ద కోచ్ తిరగలేదు, ఆపడానికి చోటు దొరకదు. పదహారు మందిని తీసుకువెళ్లే వ్యాన్‌లో టికెట్టు ఖరీదు ఎక్కువైనా, ఇరుకు దారుల్లోకి వెళ్లగలుగుతుంది, గైడ్‌ను ప్రశ్న అడిగే వీలు ఉంటుంది. అయితే చాలా వ్యాన్లలో డ్రైవరే గైడ్. మీతో పాటు దిగి ఊరు తిప్పి చూపిస్తాడా, లేక దారిలో చెప్పి ఊళ్లో వదిలేస్తాడా అన్నది ముందే అడగండి.

మూడో పద్ధతి చాలామందికి తెలియదు, నాకు మాత్రం ఇదే అన్నింటికన్నా ఇష్టం. ప్యాడింగ్టన్ స్టేషన్ నుంచి మోర్టన్ ఇన్ మార్ష్ అనే ఊరికి నేరుగా రైలు ఉంది, గంటన్నర చిల్లర ప్రయాణం. ఆ స్టేషన్ దగ్గరే మొదలై అక్కడే ముగిసే స్థానిక గైడ్ల టూర్లు ఉన్నాయి. రైలు ట్రాఫిక్‌లో చిక్కుకోదు, గైడ్ ఆ ప్రాంతం మనిషి అయివుంటాడు, రోజు మొత్తంలో ఒక గంటో గంటన్నరో మీకు అదనంగా మిగులుతుంది. రైలు టికెట్టును విడిగా, వీలైనంత ముందుగా కొనుక్కోవాలి. రైలు ఆలస్యమైతే టూర్ మీ కోసం ఆగదు కాబట్టి, సరిగ్గా సమయానికి చేరే రైలు కాకుండా దాని ముందు రైలు ఎక్కాలి.

గైడ్ గురించి వెతికేటప్పుడు బ్లూ బ్యాడ్జ్ అనే మాట కనిపిస్తే అది మంచి గుర్తు. బ్రిటన్‌లో పర్యాటక గైడ్లు దీర్ఘకాలం చదివి, పరీక్షలు రాసి పొందే అత్యున్నత అర్హత అది. వికలాంగుల వాహనాల పార్కింగ్ అనుమతికీ ఇదే పేరు ఉంది, దానితో పొరబడవద్దు.

రోజును, కాలాన్ని చూసుకోండి

లండన్ ప్రాంతంలో జూన్ నెలలో రాత్రి 9 దాటాకే పొద్దు గుంకుతుంది. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికల్లా పొద్దు గుంకి చీకటి పడడం మొదలవుతుంది. అదే టూర్, అదే ధర అయినా డిసెంబరులో చివరి ఊరు మీకు దీపాల వెలుగులోనే కనిపిస్తుంది. నా లెక్కలో ఏప్రిల్ చివర నుంచి జూన్ మధ్య వరకు, మళ్లీ సెప్టెంబరులో వెళ్లడం ఉత్తమం. జూలై, ఆగస్టుల్లో పాఠశాలల సెలవుల వల్ల రద్దీ ఉంటుంది. శని, ఆదివారాల కన్నా మంగళ, బుధ, గురువారాలు నయం. విండ్సర్ కోట కూడా చూడాలనుకునేవారికి మాత్రం ఇందులో ఒక చిక్కు ఉంది: ఆ కోట మామూలుగా మంగళ, బుధవారాల్లో మూసి ఉంటుంది.

డబ్బు కట్టే ముందు

నిబంధనల్లో రద్దు గడువు ఎంతో చూడండి. ఆన్‌లైన్‌లో కొన్నవాటికి పద్నాలుగు రోజుల్లో రద్దు చేసుకొనే హక్కు బ్రిటన్‌లో ఉంది కాని, ఫలానా తేదీకి అని కొన్న వినోద, విహార సేవలకు అది వర్తించదు. రాత్రి బస లేని, ఇరవై నాలుగు గంటలలోపు ముగిసే టూర్‌కు ప్యాకేజీ యాత్రల చట్టపు రక్షణ కూడా ఉండదు. అంటే కంపెనీ తన నిబంధనల్లో రాసిన రద్దు సౌకర్యమే మీకు దిక్కు. ముందురోజు వరకు పూర్తి డబ్బు తిరిగి ఇచ్చే టికెట్టు కొంచెం ఖరీదైనా తీసుకోండి. అక్కడి వానను, పెద్దవాళ్ల ఆరోగ్యాన్ని ముందే ఊహించలేము.

ప్రవేశ రుసుములు, భోజనం కలిసి ఉన్నాయో లేదో, కనీసం ఎంతమంది ఉంటే టూర్ నడుపుతారో కూడా చదవండి. చిన్న పిల్లలున్నవారు వయసు పరిమితి అడగాలి, ఎందుకంటే వ్యాన్ టూర్లలో కొన్ని పసిపిల్లలను తీసుకువెళ్లవు. చక్రాల కుర్చీ అవసరమైనవారు రాతపూర్వకంగా అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకున్నాకే డబ్బు కట్టాలి.

ముందురోజు రాత్రి

టికెట్టును ఫోన్‌లో ఫొటోగా దాచుకోండి, వీలైతే ఒక కాగితం ప్రతి కూడా ఉంచుకోండి. కాట్స్‌వోల్డ్స్ లోయల్లో సిగ్నల్ పోవడం మామూలే. వెళ్లబోయే ప్రాంతపు మ్యాప్‌ను ఇంటర్నెట్ లేకుండా తెరిచేలా దింపుకోండి. బస్సు ఎక్కే చోటును రెండుసార్లు చదవండి: విక్టోరియా అన్న ఒక్క మాటకు భూగర్భ రైలు స్టేషన్, రైల్వే స్టేషన్, వాటి నుంచి పది నిమిషాల నడక దూరంలో ఉన్న విక్టోరియా కోచ్ స్టేషన్ అని మూడు అర్థాలున్నాయి. కోచ్ స్టేషన్‌లో ఏ గేటో కూడా చూసుకోవాలి.

సంచిలో పెట్టుకోవలసినవి ఎక్కువేమీ లేవు. తడిసినా జారని బూట్లు, గాలికి తిరగబడే గొడుగుకు బదులు తలకు టోపీ ఉన్న వాన కోటు, ఎండాకాలమైనా ఒక స్వెటర్, నీళ్లు, మందులు, మరుగుదొడ్లకు అక్కరకు వచ్చే కొన్ని చిల్లర నాణేలు. ప్రయాణంలో కడుపు తిప్పేవారు దానికి మాత్రను బస్సు ఎక్కే ముందే, దాని మీద రాసిన సమయానికి వేసుకోవాలి. వాంతి భావం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పని చేయదు.

పొద్దున, బస్సులో

అరగంట ముందు చేరండి. సీట్లకు నంబర్లు లేని బస్సుల్లో ముందు వరుసలు ముందు వచ్చినవారికే దక్కుతాయి. ముందు కూర్చున్నవారికి కుదుపు తక్కువ, గైడ్ మాట స్పష్టంగా వినిపిస్తుంది, దిగేటప్పుడు మొదట దిగుతారు. ప్రతి ఊళ్లో ఐదారు నిమిషాలు మిగలడం అలా మొదలవుతుంది. బెల్టు పెట్టుకోండి, పద్నాలుగేళ్లు దాటినవారు బెల్టు ఉన్న కోచ్‌లో దాన్ని పెట్టుకోవడం అక్కడ చట్టం.

దారిలో గైడ్ మాట్లాడుతున్నప్పుడే మీకున్న అవసరం చెప్పేయండి: మా నాన్నగారు మెల్లగా నడుస్తారు, తక్కువ నడకతో చూడగలిగింది ఏమిటి అని. మంచి గైడ్‌కు ఆ ఊరి బల్లలు ఎక్కడున్నాయో, మెట్లు లేని దారి ఏదో తెలిసి ఉంటుంది.

ఊళ్లో దిగాక

దిగే ముందు మూడు పనులు చేయండి. తిరిగి రావలసిన సమయాన్ని గైడ్ నోటి నుంచి విని వెంటనే ఫోన్‌లో దానికి పది నిమిషాల ముందు అలారం పెట్టుకోండి. బస్సు ముందు భాగాన్ని నంబరు ప్లేటు కనిపించేలా ఫొటో తీయండి. ఒకే రంగు బస్సులు నాలుగు వరుసగా నిలిచి ఉండడం అక్కడ మామూలు. మందులు, వాన కోటు వెంట తీసుకోండి. డ్రైవర్ నాలుగున్నర గంటలు నడిపే లోపు ముప్పావుగంట విరామం తీసుకోవాలన్న నియమం ఉంది, అది ఎక్కువగా మీ భోజన సమయంలోనే పడుతుంది. అప్పుడు బస్సుకు తాళం ఉంటుంది, వేరే చోట కూడా నిలిపి ఉండవచ్చు.

ఇక ఆ గంటన్నరను ఎలా వాడాలి? దుకాణాల వీధిలో మొదలుపెట్టవద్దు. అందరూ అటే వెళతారు, కాబట్టి మీరు వ్యతిరేక దిశలో చర్చి వైపు వెళ్లండి. బర్‌ఫర్డ్‌లో ఆగే టూర్ అయితే సెయింట్ జాన్ చర్చిలోకి తప్పక వెళ్లాలి. 1649 మే నెలలో, తమ హక్కుల కోసం తిరగబడిన సైనికులను పార్లమెంటు పక్షపు సేనాని క్రామ్‌వెల్ సేనలు ఈ చర్చిలోనే బంధించి, వారిలో ముగ్గురిని బయట గోడ దగ్గర నిలబెట్టి కాల్చి చంపాయి. బంధితుల్లో ఆంటొనీ సెడ్లీ అనే అతను బాప్తిస్మపు తొట్టి సీసపు అంచు మీద తన పేరు, ఆ సంవత్సరం, ఖైదీ అన్న మాట చెక్కాడు. ఆ వంకర అక్షరాలు నేటికీ ఉన్నాయి. తన వంతు వస్తుందో రాదో తెలియని మనిషి గీసిన ఆ గీతల ముందు నిలబడడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాల కోసమే ఆ ఊరికి మళ్లీ వెళ్లాను.

తరవాత ఒక గోడ దగ్గరికి వెళ్లి రాయిని దగ్గరగా చూడండి. దూరానికి నున్నగా తేనెరంగులో కనిపించే ఆ సున్నపురాయి, దగ్గరికి వెళితే చేప గుడ్లు ఒకదానికొకటి అంటుకున్నట్టు సన్నని గుండ్రని గింజలతో కనిపిస్తుంది. జురాసిక్ యుగంలో ఇదంతా వెచ్చని, లోతు తక్కువ సముద్రం. ఆ అడుగున అలల తాకిడికి దొర్లుతూ, పొర మీద పొర సున్నం పట్టిన రేణువులవి. తల పైకెత్తి ఇంటి కప్పు చూడండి: చూరు దగ్గర పెద్ద రాతి పలకలు, పైకి వెళ్లే కొద్దీ చిన్నవి, కొప్పు దగ్గర అరచేయంతవి. బరువైన పలకలు గోడల దగ్గర ఉండి, వాననీరు వేగంగా జారిపోవడానికి చేసిన ఏర్పాటు అది. పొలాల చుట్టూ ఉన్న గోడలను సున్నం, సిమెంటు ఏదీ లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టారు. ఫొటో కోసం వాటి మీద ఎక్కవద్దు. ఒక్క రాయి కదిలితే ఆ పక్కవి కూడా జారతాయి.

బైబరీ అనే ఊళ్లోని ఆర్లింగ్టన్ రో అందరూ ఫొటోల్లో చూసిన ఇళ్ల వరుస. పద్నాలుగో శతాబ్దంలో ఉన్ని నిల్వ చేయడానికి కట్టి, పదిహేడో శతాబ్దంలో నేతగాళ్ల ఇళ్లుగా మార్చారు. ఆ ఇళ్లలో ఈనాటికీ మనుషులు కాపురముంటున్నారు. కిటికీలోకి తొంగి చూడడం, గుమ్మం మెట్ల మీద కూర్చొని ఫొటో దిగడం మన ఇంటి ముందు ఎవరైనా చేస్తే మనకెలా ఉంటుందో, వారికీ అలాగే ఉంటుంది. వందల్లో జనాభా ఉన్న ఊరికి సందర్శకులు గుంపులు గుంపులుగా వస్తున్నారు కనుక, అక్కడ గొంతు తగ్గించి నడవడం మనం వారికి ఇవ్వవలసిన కనీస గౌరవం.

అరగంట మిగిలితే పొలాల్లోకి నడవండి. పసుపు రంగు బాణం గుర్తు ఉన్న కాలిబాట ప్రజలందరూ నడవడానికి హక్కున్న దారి; అది ఒకరి పొలం మధ్య నుంచి పోయినా సరే. గేటు తెరిచి ఉంటే తెరిచే ఉంచాలి, మూసి ఉంటే దాటాక మూయాలి. గొర్రెలకు, గుర్రాలకు ఏమీ తినిపించకూడదు. బాట పక్కన దురదగొండిలా ఒంటికి మంట పుట్టించే నెటిల్ మొక్కలు గుబురుగా ఉంటాయి కాబట్టి పిల్లలకు నిండు ప్యాంట్లు వేయండి. పదిహేను నిమిషాలు ముందుకు నడిచి, అదే దారిన వెనక్కి రండి. కొత్త దారిలో చుట్టి వద్దామని చూస్తే బస్సు తప్పిపోతుంది. తప్పిపోయిన బస్సుకు బదులుగా ఊరి బస్సు దొరకడం చాలా కష్టం, ఆదివారమైతే మరీ.

భోజనం, తిరుగు ప్రయాణం

పల్లెల్లోని పబ్‌లలో మధ్యాహ్నం రెండు, రెండున్నరకే వంటగది మూసేయడం ఉంది. ఆర్డరిచ్చి అరగంట ఎదురుచూడడం ఇష్టం లేకపోతే ఇంటి నుంచి తెచ్చుకున్నది ఏటి ఒడ్డున కూర్చొని తినడం మేలు. నేను ఎప్పుడూ ఇదే చేస్తాను, ముప్పావుగంట మిగులుతుంది. శాకాహారులకు మెనూలో ప్రత్యేక గుర్తు ఉంటుంది. ఏ వంటకంలో అలర్జీ కలిగించేవి ఏమున్నాయో అడిగితే చెప్పడం హోటలువారి చట్టబద్ధమైన బాధ్యత.

గైడ్‌కు టిప్ ఇవ్వడం నిర్బంధం కాదు. బాగా చూపించారనిపిస్తే దిగేటప్పుడు కొన్ని పౌండ్లు చేతికి ఇచ్చి, నచ్చిన విషయం ఏమిటో ఒక మాట చెప్పండి.

తిరుగు ప్రయాణంలో లండన్ శివార్లకు చేరేసరికి సాయంత్రపు ట్రాఫిక్ మొదలవుతుంది, చెప్పిన సమయానికి గంట ఆలస్యం కావడం అరుదు కాదు. అందువల్ల ఆ రాత్రికి నాటకం టికెట్టు గానీ, రైలు, విమానం గానీ పెట్టుకోవద్దు. బస్సు పశ్చిమం వైపు నుంచి నగరంలోకి వస్తుంది కనుక, దారిలో ఏదైనా భూగర్భ రైలు స్టేషన్ దగ్గర దింపగలరా అని గైడ్‌ను మోటార్‌వే మీద ఉండగానే అడగండి. వీలున్న చోట దింపుతారు. మీరు ఇల్లు చేరే సమయానికి మిగతావాళ్లు ఇంకా విక్టోరియా దగ్గర సిగ్నల్‌లో నిలిచి ఉంటారు.